మేకపాలు పోసిన కళ్ళు

జెలీపా తన కుక్కకు కదూకా అని పేరు పెట్టింది. వాళ్ళ భాషలో అసూయ అని అర్థం. పొరుగువాళ్ళు వినాలనే రోజూ దాన్ని గొంతు చించుకుని పిలిచేది. లువాంగ్వా నది ఒడ్డున ఆమె మొక్కజొన్న ఏటా చేతికొస్తోందంటే ఆ కుక్క చలవే. దాని అరుపు వింటే బబూన్ కోతులు చేలో అడుగు పెట్టేవి కావు.

అలాంటి కుక్క, చేను కంకులు వేసిన వేళ, ఒక పొద్దున లేచి వచ్చి నేరుగా రోలుకు గుద్దుకుంది. చూస్తే రెండు కళ్ళకూ నీలం పొర కమ్మి ఉంది. జెలీపా కేకవేసింది.

మరిది లాక్సన్ వచ్చి వంగి చూశాడు. "విషం చిమ్మే పాము కళ్ళలో ఉమ్మింది వదినా, ఇంకేం కాదు. మేకపాలు పొయ్, చూపు దానంతటదే వస్తుంది."

"ఒళ్ళు కాలిపోతోంది కదయ్యా? మొహం కూడా వాచింది."

"విషం పడితే కాలక చల్లగా ఉంటుందా? నువ్వూ నీ అనుమానాలూ!"

లాక్సన్‌కు తెలియని సంగతి లోకంలో లేదు. కావాలంటే ఆయన్నే అడగవచ్చు. గాదె కింద కర్రతో కెలికి, దొరికిన పామును చంపి ఊరంతా తిప్పి చూపించాడు. దాంతో అందరి సందేహమూ తీరిపోయింది. జెలీపా మేకపిల్ల నోటి దగ్గరి పాలు పిండి పూటపూటా కుక్క కళ్ళలో పోసింది. కదూకా కదలకుండా పోయించుకునేది. అయినా అది రోజురోజుకూ చిక్కిపోయింది, కాళ్ళు తడబడసాగాయి.

కోళ్ళకు టీకాలు వేయడానికి మోటార్‌సైకిల్ మీద వచ్చిన పశువైద్య సహాయకుడు సకాలా దాని కనురెప్ప ఎత్తి చూసి నిట్టూర్చాడు.

"పాము పని కాదమ్మా ఇది. పాము ఉమ్మితే నొప్పికి కళ్ళే తెరవదు. ఇది సెట్సీ ఈగ కుట్టి తెచ్చిన జబ్బు. మొదట్లోనే సూది పడుంటే బతికేది."

"ఇప్పుడు వెయ్యి బాబూ, నీ కాళ్ళు పట్టుకుంటా!"

"అది ఆవుల మందమ్మా. ఈగల దెబ్బకి ఈ లోయలో ఆవులే లేవాయె. ఆవుల్లేని చోటికి మందెవరు పంపుతారు? చిపాటా పట్నం నుంచి తెచ్చేసరికి ఇది ఉండదు."

లాక్సన్ ఎటో చూస్తూ నిలబడ్డాడు. అతన్ని తిట్టడానికి కూడా జెలీపాకు ఓపిక లేకపోయింది.

మర్నాడు సాయంత్రం బబూన్లు వచ్చాయి. అలికిడికి కదూకా తూలుతూ లేచి, ఇంటి గోడవైపు తిరిగి మొరగడం మొదలుపెట్టింది. కోతులు అలవాటుగా పరుగెత్తాయి. కాస్త దూరం పోయి, ఆగి, వెనక్కి చూశాయి. ఒక పెద్ద మగకోతి తీరిగ్గా తిరిగివచ్చి, కుక్క వెనకే కూర్చుని కంకి ఒలవసాగింది. మంద మొత్తం చేలో దిగింది.

జెలీపా విసిరిన రాళ్ళను అవి లెక్కచేయలేదు. ఆమె ఏడుస్తూ వెళ్ళి, కుక్క తలను రెండు చేతులతో పట్టుకుని చేనువైపు తిప్పింది. కదూకా అటు తిరిగి, ఉన్న బలమంతా కూడదీసుకుని మొరిగింది. కోతి తినడం ఆపలేదు.