సీనియర్ చెప్పాల్సిన మాట

గిద్దలూరు చుట్టుపక్కల మా ఊళ్లలో ఇంటికొక మిలిటరీ మనిషి ఉంటాడు. మాకొక పద్ధతుంది. మాలో ఎవడన్నా పోతే, పెద్దకర్మ రోజున వాడితో కలిసి పనిచేసిన సీనియర్ ఆ చనిపోయినవాడి ఇంటిముందు నిలబడి, వాడు ఎలా పోయాడో అందరికీ చెప్పాలి. ఆయన చెప్పిందే ఖాయం. ఆ తర్వాత ఊళ్లో ఇంకెవడూ నోరెత్తడు.

కార్గిల్లో బాలయ్య పోయినప్పుడు దొనకొండ దగ్గర వాళ్ల ఊరికి వెళ్లి నేనే చెప్పాను. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "భయపడినాడా నాయనా?" అని అడిగింది. "భయపడినాడమ్మా. అయినా ముందుకే పోయినాడు" అన్నాను. అప్పట్లో నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఇప్పుడు పెద్ద ఆఫీసర్ని కదా, అన్నీ నేర్చుకున్నాను.

ఈసారి పోయింది ఏడుకొండలు. కార్గిల్లో నా సెక్షన్లోనే ఉన్నాడు.

నేను హవల్దారుగా రిటైరై, బళ్లారి అవతల ఒక ఉక్కు ఫ్యాక్టరీలో గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాను. పదహారేళ్లలో జనరల్ మేనేజర్ కుర్చీ ఎక్కాను. నా తెలివేం కాదు, మావాళ్లను తీసుకెళ్లి పనుల్లో పెట్టేవాణ్ణి. బయటివాళ్లకు పని చెబితే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. మావాళ్లు "జీ సాబ్" అని వెళ్లిపోతారు. యజమానులకు అది తెగ నచ్చింది. ఏడుకొండలు కూడా అలా వచ్చినవాడే.

ఆ రోజు పదకొండింటికి ఎండీ వస్తున్నాడు. చూస్తే కొలిమి ఆగిపోయి ఉంది. మనిషి పట్టేంత గ్యాస్ గొట్టంలో ఏదో అడ్డం పడిందన్నారు. ఏడుకొండలుకు ఫోన్ చేసి, లోపలికి దిగి చూడమన్నాను.

"సాబ్, లోపల గ్యాస్ ఉందో లేదో చూసే మీటరుకు ఛార్జింగు లేదు. పావుగంట ఆగితే..."

"కార్గిల్ కొండ ఎక్కేటప్పుడు మీటరు అడిగినావారా?"

నవ్వాడు వెధవ. "జీ సాబ్" అన్నాడు. దిగాడు. ఆ గ్యాసుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఎండీ వచ్చేసరికి శవాన్ని బయటికి లాగుతున్నారు.

లోపలికి దిగాలంటే ఆఫీసరు సంతకం చేసిన పర్మిట్ ఉండాలి. నేను ఫోన్లో అన్న మాటకు కాగితం ఎక్కడిది? లీగల్ సెక్షన్ సుస్మిత రిపోర్టు టైపు చేసి తెచ్చింది. అనుమతి లేకుండా, సొంత నిర్ణయంతో దిగాడని ఉంది అందులో.

"మీరు సంతకం పెడితే ఇక్కడితో అయిపోతుంది సార్. లేదంటే కేసు మీ మీదికే వస్తుంది" అంది.

పెట్టాను. కింద తేదీ కూడా వేశాను. థూ.

పెద్దకర్మకు వెళ్లాను. షామియానా కింద యూనిఫాంలో ఉన్న ఫొటోకు దండేశారు. రిటైరైన మావాళ్లంతా మెడల్స్ పెట్టుకుని వరసగా నిలబడ్డారు. ఏడుకొండలు భార్య సామ్రాజ్యం వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అన్నా, తలా ఒక మాట అంటుండారు. ఎవరో పంపిస్తేనే దిగినాడంట. నువ్వు చెప్పు. నువ్వు ఏది చెప్తే అదే నమ్ముతా."

నేనే పంపినానమ్మా అంటే సరిపోతుంది. నోటిదాకా వచ్చింది, దేవుడి మీద ఒట్టు. కానీ మావాళ్ల ముఖాలు చూశాను. అందరూ నన్ను మా ఊళ్లకు పేరు తెచ్చిన మనిషిలా చూస్తున్నారు. వాళ్ల ముందు తల దించడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

"ఆగమన్నానమ్మా. వినలేదు. తనే దిగినాడు."

 సామ్రాజ్యం లేచి ఫొటో దగ్గరికి వెళ్లి దండ లాగిపారేసింది.

"ఏం పోయేకాలం వచ్చిందయ్యా నీకు? అన్న వద్దంటే వినొద్దా? పెద్దోళ్ల మాటంటే లెక్కలేదా? నన్నిట్ల చేసి పోతావా?" అని ఆ ఫొటోను రెండు చేతులా కొట్టింది.

బతికినన్నాళ్లూ నా మాట ఒక్కటి దాటని మనిషిని, నా మాట వినలేదని నా ముందే తిట్టిపోసింది. ఆడవాళ్లు ఆమెను పట్టుకుని పక్కకు తీసుకెళ్లారు. నన్ను మొదటి బంతిలో కూర్చోబెట్టి ఆకేశారు. చెయ్యి కదలక అలాగే కూర్చున్నాను. గడప దగ్గర నుంచి సామ్రాజ్యం చూసింది.

"తిను అన్నా, నువ్వేం చేస్తావు? నీ తప్పేముంది?" అంది.

తిన్నాను.