గుండిగ మీద పడ్డ నింద

నేను ఒక ఇత్తడి గుండిగను. ఇంట్లో పప్పు వండుకునే గిన్నెతో నన్ను పోల్చకండి, కోపమొస్తుంది. నేను ఊరంత పెళ్ళికి పులుసు కాచేదాన్ని. నన్ను తోమాలంటే మనిషి లోపలికి దిగాల్సిందే. మనుషులు లావెక్కితే సిగ్గుపడతారుగానీ మా జాతిలో లావుకి గౌరవం ఎక్కువ.

పుట్టింది అజ్జరంలో. రాగినీ తుత్తునాగాన్నీ కలిపి కరిగించి, రేకు చేసి, ఆ రేకుని సుత్తితో కొట్టి కొట్టి నాకు ఈ ఆకారం తెచ్చారు. నన్ను చేసినాయన పని ముగిశాక నా కడుపు మీద వేళ్ళతో తట్టి, ఆ మోత విని మురిసిపోయాడు. మురిసిపోయిన ఆ మధ్యాహ్నమే నన్ను అమ్మేశాడు. మొదట ఒక సత్రం వాళ్ళు కొనుక్కున్నారు. సత్రం మూతపడ్డాక గవర్రాజు చేతికి వచ్చాను.

మా ఇత్తడికి ఒక లోపం ఉంది, దాచుకోవడం దేనికి? పులుపు తగిలితే చిలుమెక్కుతుంది. ఆ చిలుము కడుపులోకి వెళ్తే వాంతులు. అందుకని లోపల తగరం పూత పూయిస్తారు, దాన్నే కళాయి అంటారు. కళాయి ఉన్నంతకాలం నాలో చింతపండు రసం ఎంతసేపు మరిగినా భయం లేదు. అది అరిగిపోయినా పట్టించుకోకపోతే మాత్రం నేనూ ప్రమాదకరమైనదాన్నే.

గవర్రాజు తణుకు చుట్టుపక్కల పేరున్న పెళ్ళిళ్ళ వంటవాడు. ముహూర్తాలు మొదలయ్యే ముందు నాకు కళాయి పడకుండా ఒక్క పెళ్ళికీ కదలనిచ్చేవాడు కాదు. కొబ్బరి పీచుతో తప్ప నన్ను తోమనిచ్చేవాడు కాదు. పులుసు దించేటప్పుడు నాతో మెల్లిగా, "చూసుకోవే తల్లీ" అనేవాడు. అంత లావు మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడటం నాకు ముచ్చటగా ఉండేది.

ఆయన అత్తగారు అచ్చియమ్మగారికి మాత్రం ఆయనలో ముచ్చటపడేది ఏమీ కనిపించలేదు. కూతురు సత్యవేణిని రైల్వేలో గుమాస్తాకి ఇద్దామనుకుందట ఆవిడ. ఆ సంబంధం తప్పిపోయి వంటాయన అల్లుడయ్యాడు. అప్పటినుంచి ఆవిడ అల్లుడి పేరు పలకలేదు. "మా గరిటె ఇంటికొచ్చాడటే?" అని కూతుర్ని అడిగేది. ఆయన మాత్రం "అత్తయ్యగారూ" అనే పిలుపు ఏనాడూ తగ్గించలేదు.

ఒక వేసవిలో తాతారావుగారని పెద్ద రైతు, కూతురు విజయదుర్గ పెళ్ళికి మమ్మల్ని పిలిపించారు. పెరట్లో గాడిపొయ్యి తవ్వి నన్నెక్కించారు. ఆనపకాయ, మునక్కాడ, చిలగడదుంప వేసి ముక్కల పులుసు కాచాడు గవర్రాజు. పందిట్లో పెళ్ళి జరుగుతుండగా పెళ్ళికూతురికి హోమం పొగ పడలేదని ఎవరో వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళారు. తలంబ్రాలయ్యాయి, బంతులు లేచాయి, అందరూ పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నారు. మా పని బాగా జరిగిందనే అనుకున్నాం.

భోజనాలు పూర్తికాకుండానే వాంతులు మొదలయ్యాయి. మగపెళ్ళివారిలో సగంమంది విడిదింట్లో పడకేశారు. ఆర్.ఎం.పి. డాక్టరుగారు వచ్చి సూదులు పొడిచారు. దేవుడి దయవల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదుగానీ పెళ్ళింటి పరువు పోయింది. పరువు పోయినచోట ముందు వెతికేది కారణాన్ని కాదు, మనిషిని.

"ఆ గుండిగలో కళాయి ఉందో లేదో చూడండ్రా!" అని ఎవరో కేకేశారు. చూడటమంటే చూడొచ్చు కదా. ఒకాయన కత్తిపీట మొనతో నా అడుగున గరగరా గీకాడు. అలా గీకితే కళాయి ఉంటుందా? పోయింది. లోపల పసుపుపచ్చని మచ్చ బయటపడింది. "ఇదుగో, కళాయి లేదు! ఉత్త ఇత్తడిలో పులుసు కాచేశాడు!" అని ఆ గీకినాయనే అందరికీ చూపించాడు. నేను నోరులేనిదాన్ని, గవర్రాజు నోరున్నా లేనివాడు. వెయ్యి మంది భోజనాలు నడిపినవాడు, ఆ నలుగురి ముందు తువ్వాలు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"సంగతి తేలేదాకా గుండిగ మా పెరట్లోనే ఉంటది," అన్నారు తాతారావుగారు. గవర్రాజు ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అచ్చియమ్మగారు దిగింది. నా పక్కన పీటేసుకుని కూర్చుని, "మా అల్లుడి సామాను మీ ఇంట్లో ఉంది, కాపలాకి వచ్చాను. భోజనం నాది నేను తెచ్చుకుంటాలెండి," అంది. ఆడమనిషిని, అందులోనూ వియ్యపురాలి వయసావిణ్ణి, పొమ్మని ఎవరంటారు? తాతారావుగారు విననట్టు లోపలికి వెళ్ళిపోయారు.

ఎవరూ లేకుండా చూసి ఆవిడ నాలోకి వంగింది. మచ్చ మీద చెయ్యిపెట్టి తడిమింది, వేళ్ళు వాసన చూసుకుంది. ఆవిడ మొహం వాడిపోయింది. "ఎంత పని చేశావురా గరిటే," అని గొణిగింది. నాకు దుఃఖం ఆగలేదు. మమ్మల్ని కాపాడటానికి వచ్చిన ఒక్క మనిషీ మమ్మల్ని నమ్మటం లేదు.

నేరస్థురాలిని చూడటానికి ఊరంతా వచ్చింది. ఆ నేరస్థురాలిని నేనే. వచ్చినవాళ్ళనల్లా అచ్చియమ్మగారు పలకరించేది. ఏ బంతిలో కూర్చున్నారు, పక్కన ఎవరు, ఏమేం వడ్డించారు అని అడిగేది. పెళ్ళిభోజనం గురించి అడిగితే చెప్పనివాడు మా జిల్లాలో లేడు. మంత్రాలెన్ని చదివారో ఒక్కరికీ గుర్తులేదుగానీ తన విస్తట్లో రెండో బూరె పడలేదన్న సంగతి ప్రతివాడికీ గుర్తుంది.

ఒకాయన చెప్పాడు, "నేను పులుసు మూడుసార్లు వేయించుకున్నానండి. నాకేం కాలేదండి." ఇంకొకావిడ, "నాకు పులుపు పడదండీ, పులుసు ముట్టుకోలేదు. అయినా రాత్రంతా వాంతులేనండి," అంది. వడ్డించినవాళ్ళు ఆఖరి బంతిలో నా అడుగున మిగిలిన చిక్కటి పులుసు తిన్నారు. వాళ్ళందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. అచ్చియమ్మగారు రెండు రోజులు ఇవన్నీ విని, మళ్ళీ నాలోకి వంగి ఈసారి ఆ మచ్చ అంచుల్ని గోటితో తడిమింది. అరిగిపోయిన కళాయి అంచు పలచబడుతూ మాసిపోతుంది, గీకిన కళాయి అంచు గరుకుగా గోటికి తగులుతుంది. ఆవిడ నా కడుపు మీద ఒక్క చరుపు చరిచింది. అది కోపంతో కాదని నాకు తెలిసింది.

పులుసు కాదని తేలింది, మరేమిటో తేలలేదు. ఈలోగా ఇంటిదగ్గర గవర్రాజు ఇక గరిటె పట్టనన్నాడని, వచ్చే పెళ్ళిళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వేరే వంటవాళ్ళని చూసుకుంటున్నారని సత్యవేణి వచ్చి ఏడ్చింది. "ఆయన అలాంటివారు కాదమ్మా," అంటుంది తప్ప ఆ అమ్మాయికి ఇంకో మాట రావటం లేదు. "ఆ మాట నువ్వంటే ఎవరు వింటారే? నువ్వు పెళ్ళానివి," అంది తల్లి.

పదహారు రోజుల పండగకని విజయదుర్గ పుట్టింటికి వచ్చింది. నన్ను చూడటానికి పెరట్లోకి వచ్చి, అచ్చియమ్మగారి పక్కన కూర్చుంది. మాటల్లో, "నాక్కూడా వాంతయిందండి పీటల మీద. పొగకి," అంది.

అచ్చియమ్మగారు ఒత్తుతున్న వత్తి చేతిలోనే ఆగిపోయింది. "భోజనానికి ముందేనా అమ్మా?"

"ముందేనండి. తలంబ్రాలదాకా ఉపవాసం కదండీ. ఏమీ తినలేదు. చీర మార్చుకోవడానికి లోపలికెళ్ళినప్పుడు మేనత్త గ్లాసుడు మజ్జిగ ఇచ్చిందండి. మజ్జిగకి ఉపవాసం చెడదంది."

ఏమీ తినలేదు కనక ఆ పిల్లని జబ్బుపడ్డవాళ్ళ లెక్కలో ఎవరూ వేసుకోలేదు. ఉపవాసమంటే మనవాళ్ళకి ఉత్త కడుపని నమ్మకం. పాలు, మజ్జిగ, పానకం ఎన్ని తాగినా ఏమీ తిననట్టే.

విజయదుర్గ మేనత్త సుభద్రాయమ్మగారు చాలా ఏళ్ళ క్రితం భర్తపోయి తమ్ముడి ఇంట్లో ఉంటోంది. మేనకోడలంటే ప్రాణం. గవర్రాజుని అందరికన్నా ఎక్కువ శాపనార్థాలు పెట్టింది ఆవిడే. అచ్చియమ్మగారు ఆవిణ్ణి మెల్లగా కదిపింది. "పెళ్ళినాడు మజ్జిగ బాగుందంటున్నారండి అందరూ. దేంట్లో కలిపారండి?"

సుభద్రాయమ్మగారి మొహం వెలిగింది. "మా అమ్మ రాగి గంగాళంలోనండి! చింతపండేసి నేనే తోమాను, అద్దంలా వచ్చింది. రాగిలో నీళ్ళు ఒంటికి మంచిదంటారు కదండీ, మజ్జిగైతే ఇంకా చలవ కదాని. తెల్లారకుండానే కలిపి, నిమ్మకాయలు పిండి పందిట్లో పెట్టించాను. బంతికి ముందు ఎండనపడి వచ్చినవాళ్ళందరూ తాగారండి."

ఆ గంగాళం నాకు కాస్త దూరంలోనే బోర్లించి ఉంది. కళాయి లేదు, నీళ్ళు పోసుకునేదానికి కళాయి ఎవరు వేయిస్తారు? నాలో సగానికి పైగా ఆ రాగే కనక, పులుపు తగిలితే అది ఏం చేస్తుందో నాకు తెలుసు. దాని మీద నాకు కోపం రాలేదు. దాన్ని అడిగి పోశారా మజ్జిగ?

అచ్చియమ్మగారు తీర్పు చెప్పలేదు. "మళ్ళీ అలాగే కలపండి చూద్దాం," అంది. సుభద్రాయమ్మగారు సంబరంగా కలిపింది. ఇద్దరూ గంగాళానికి చెరోపక్క కూర్చుని చింతకాయలు ఒలుచుకున్నారు. ఎండ పెరట్లోకి వచ్చి, మళ్ళీ గోడెక్కేసరికి మజ్జిగ అంచు వెంట పచ్చగా, నీలంగా ఒక చార తేలింది. సుభద్రాయమ్మగారు వేలు ముంచి నాలిక్కి రాసుకుని ఉమ్మేసింది.

"నా చేత్తో నేనే పోశానా దానికి?" అంది. ఆవిడ అంటున్నది మగపెళ్ళివారి సంగతి కాదు, మేనకోడలి సంగతి.

"తెలిసి పోస్తామాండి ఎవరమైనా," అంది అచ్చియమ్మగారు. "నేనెవరికీ చెప్పను. కానీ మా అల్లుడు గరిటె వదిలేశాడండి." ఆ తర్వాత చెంబెడు నీళ్ళు తెచ్చి ఆవిడ చెయ్యి కడిగింది.

పండగనాడు బంతి కూర్చున్నాక, విస్తళ్ళలో నీళ్ళు చల్లుకుంటుండగా, ఏనాడూ మగవాళ్ళ ముందు గొంతెత్తని సుభద్రాయమ్మగారు పందిరి మధ్యకి వచ్చి నిలబడింది. "ఆ వేళ మిమ్మల్ని పాడుచేసింది పులుసు కాదు. నా మజ్జిగ. వంటాయన తప్పు ఇసుమంతైనా లేదు. నేను ఆయనకి పెట్టిన శాపాలన్నీ నాకే తగలాలి," అంది. తాతారావుగారు "అక్కా!" అని లేచారు. ఆవిడ ఆగలేదు, మొత్తం చెప్పేసింది. చెప్పాక అక్కడే కూర్చుండిపోయింది. విజయదుర్గ విస్తరి ముందునుంచి లేచి వెళ్ళి ఆవిణ్ణి పట్టుకుంది.

ఇక చూడాలి మనుషుల్ని! గవర్రాజుని తాము అనుమానించలేదనీ, పక్కవాడే అనుమానించాడనీ ప్రతివాడూ చెప్పినవాడే. నన్ను గీకినాయన, "అంత మంచి కళాయి ఎవడో పాడుచేశాడండి," అని నిట్టూర్చాడు. క్షమించమని ఎవరూ అడగలేదు. రాబోయే పెళ్ళికి రమ్మని మాత్రం అక్కడికక్కడే నలుగురు కబురంపారు. మా మనుషులు క్షమాపణ చెప్పే పద్ధతి అదే.

మధ్యాహ్నం గవర్రాజు ట్రాక్టరు తీసుకొచ్చి నన్నెక్కించాడు. అత్తగారు నా పక్కనే కూర్చుంది. దారిలో ఆయన ఆ చిన్న గొంతుతో అడిగాడు.

"అత్తయ్యగారూ, మీరొక్కరే నన్ను నమ్మారు కదండీ?"

"లేదు నాయనా," అంది ఆవిడ. "నువ్వే చేశావనుకున్నాను. అందుకే వెళ్ళి కనుక్కున్నాను."

ఆయన నొచ్చుకుంటాడని భయపడ్డాను. ముందు తెల్లబోయాడు, తర్వాత భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డంపెట్టుకుని పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. ఆయన్ని నమ్మినవాళ్ళంతా ఇంట్లో కూర్చుని ఏడ్చారు, నిజం. నమ్మని మనిషే రోజుల తరబడి ఎండలో పీటేసుకుని కూర్చుంది. ప్రేమ ఎన్ని రకాలుగా ఉంటుందో ఇత్తడిదాన్ని, నాకేం తెలుసు?

ఇప్పుడు అచ్చియమ్మగారు లేదు, గవర్రాజూ లేడు. స్టీలు గిన్నెలొచ్చాక నన్ను ఒక ఫంక్షన్ హాలువాళ్ళు కొన్నారు. గుమ్మం దగ్గర నిలబెట్టి, నీళ్ళు నింపి, చామంతులూ గులాబీరేకులూ వేస్తారు. పిల్లలు నా పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటారు. లోపల కళాయి ఎప్పుడో పోయింది. ఉందా లేదా అని ఇంతవరకూ ఒక్కరూ చూడలేదు. నా మీద ఎవరికీ అనుమానం లేదు, నా నుంచి ఎవరికీ ఏమీ అక్కర్లేదు కనక.