ఉనైసి బూబూకి వంద రోజులు

డెబ్బై ఏళ్ళ మనిషిని నీళ్ళలోకి తోశాడు. తోసినవాడు పరాయివాడు కాదు, సొంత తమ్ముడి కొడుకు తానియేలా. హోటల్ వెనక తీగ మీద దుప్పట్లు ఆరేస్తూ ఈ రెండు కళ్ళతో నేనే చూశాను.

ఆటు వేళ. పగడపు దిబ్బ బయటపడి ఉంది. ఉనైసి బూబూ ఇనపచువ్వతో బొరియలో ఆక్టోపస్‌ని గెలుకుతోంది. బూబూ అంటే మాకు నాయనమ్మ. మా ఊరు నాతిరి, ఊరందరికీ ఆవిడ నాయనమ్మే. తానియేలా హోటల్ వాళ్ళిచ్చిన ఆకుపచ్చ చొక్కాలో వచ్చాడు. చువ్వ లాక్కున్నాడు, బుట్ట లాక్కున్నాడు. ఆవిడ వదల్లేదు. తోశాడు. పక్కనే అడుగున అద్దం ఉన్న పడవలో హోటల్ అతిథులు. "వీళ్ళు పగడాల్ని తొక్కి చంపేస్తారు, మేం కాపాడుతున్నాం" అన్నాడు గైడు. ఒకావిడ చప్పట్లు కొట్టింది.

బూబూ తడి బట్టలతో నా దగ్గరికొచ్చి కూలబడింది. "వాడికీ ముగ్గురు పిల్లలున్నార్లేవే లిటియా" అంది. అంతే అంది.

ఈ హోటల్ బోర్డు మీద 'ప్రకృతికి కీడు చెయ్యని ప్రయాణం' అని ఉంటుంది. గది గదికీ ఓ చీటీ: 'సముద్రాన్ని కాపాడండి, తువ్వాలు రెండోసారి వాడండి.' అతిథులు అలాగే వాడారు. ఉతుకు తగ్గిందని బట్టలుతికే పద్నాలుగు మందిలో తొమ్మిది మందిని ఇంటికి పంపేశారు. మిగిలినవాళ్ళం ఉతికిన సబ్బునీళ్ళు, అతిథుల మరుగుదొడ్ల నీళ్ళు ఒకే గొట్టంలోంచి మడ అడవిలోకి పోతాయి. అద్దాల పడవ ఆ గొట్టం వైపు ఎప్పుడూ వెళ్ళదు.

దిబ్బ మా చేతుల్లోంచి పోవడం మా తప్పే. దాచను. పోయినేడు మేనేజరు తిమింగలం పన్ను పట్టుకొచ్చి మా తురాంగా, అదే మా ఊరిపెద్ద, రాతు అపిసాయి ముందు నేల మీద కూర్చున్నాడు. ఎవరు నేర్పారో, బాగా నేర్పారు. "మీ సముద్రాన్ని మమ్మల్ని కాపాడనివ్వండి" అన్నాడు. పన్ను చేతిలోకి తీసుకున్నాక అడిగినదానికి కాదనడం మా దగ్గర లేదు. తురాంగా తీసుకున్నాడు. ఊరంతా సంతోషించాం. మర్నాడు తెలిసింది, కాపాడేది మా నుంచి అని.

అప్పట్నుంచి గుమ్మంలో సముద్రం పెట్టుకుని డబ్బా చేపలు తింటున్నాం. అవీ లేని రోజు ఉడికించిన కర్రపెండలం, ఉప్పు.

బూబూని తోసిన మర్నాడు సభ పెట్టారు. మగాళ్ళు యంగోనా వేళ్ళ రసం గిన్నె చుట్టూ, మేం గుమ్మం దగ్గర.

"తీసుకున్న పన్ను తిరిగిస్తే ఊరికి ముఖం ఉండదు" అన్నాడు తురాంగా తరఫున మాట్లాడే ముసలి సెమీసి.

"ముఖం తిని బతకండి మరి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"మీరేం నరకం పడుతున్నారు? హోటల్లో ఉద్యోగాలివ్వలేదూ?" అన్నాడు సెమీసి.

"తొమ్మిది మందిని గెంటారు తాతా, ఎప్పుడైనా లెక్క చూశావా?" అన్నాను నేను.

బూబూ లేచింది. "నిన్ను అడిగారు, నువ్వు ఇచ్చావు, సరే తురాంగా. నన్నెవరూ అడగలేదు. దిబ్బ మీద ఏ బొరియ ఎక్కడుందో నీకు తెలుసా? ఒక్కటి చెప్పు. నేను శనివారం దిగుతున్నా. వచ్చేవాళ్ళు రండి."



శనివారం పొద్దున నలభై మంది ఆడవాళ్ళం దిగాం. కాసేపటికే పోలీసు పడవ వచ్చింది. సార్జెంటు ఇనోకే. వాళ్ళ ఊరికీ మా ఊరికీ బావామరదళ్ళ వరస. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు.

"ఏం బావా, అంత పొట్టేసుకుని పడవలో ఎలా పట్టావు?" అంది బూబూ.

"నిన్ను ఎత్తుకుపోదామనే వచ్చా ముసలి మరదలా. పద, కాపురం పెడదాం."

"జైల్లోనా? మీ ఊరోళ్ళకి అంతకన్నా మంచి ఇల్లెక్కడిది!"

పోలీసులు కూడా నవ్వారు. మేనేజరు వెనక పడవలోంచి ఏదో అరిచాడు. ఇనోకే నవ్వు పోయింది. "లేవండి. ఆర్డరుంది."

లేవలేదు. దిబ్బ మీదే నీళ్ళలో కూర్చున్నాం, చెయ్యీ చెయ్యీ పట్టుకుని. పోటు మొదలైంది. నడుం దాకా వచ్చింది. ఒక్కొక్కరినీ విడదీసి పడవలోకి లాగుతున్నారు. రొమ్ముల దాకా వచ్చింది. బూబూ పెదాలు నల్లబడ్డాయి.

"లేవే మరదలా" అన్నాడు ఇనోకే. అది సరసం కాదు. "నీకు దండం పెడతా, లే."

"నా దిబ్బ మీద నేను కూర్చున్నా. నువ్వెళ్ళు."

ఆఖరికి వాడే చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తుకున్నాడు. పడవ ఒడ్డు చేరేసరికి ప్రాణం లేదు. వాడు ఏడ్చాడు. ఏడుస్తూనే మా చేతులకి బేడీలేశాడు. అది కూడా రాసుకోండి.

రెండ్రోజులకి మమ్మల్ని వదిలారు. బూబూని చాప మీద పడుకోబెట్టి ఉంచారు. తురాంగా వచ్చి కూర్చున్నాడు. ఊళ్ళో ఎవరూ ఎన్నడూ అడగని మాట అడిగాను.

"మీ నాన్నగారు పోయినప్పుడు వంద రోజులు సముద్రం మూశారు. బూబూకీ మూయండి."

సెమీసి ఎగిరిపడ్డాడు. "పెద్దలకి చేసేది ఓ ఆక్టోపస్‌లేరుకునే ఆడదానికా?"

"ఆవిడ తెచ్చిన ఆక్టోపస్ తిని పెద్దవాడివయ్యావు తాతా."

తురాంగా నెమ్మదిగా అడిగాడు: "మూస్తే మీరూ దిగలేరు. చేప, పీత, గవ్వ ఏదీ ఉండదు. తెలుసా?"

"ఇప్పుడు దిగుతున్నామా?"

"పన్ను తీసుకుని మాటిచ్చాను లిటియా."

"తప్పొద్దు. సముద్రం కాపాడాలనేగా వాళ్ళడిగింది? మూయండి. అందరికీ."

తురాంగా లేచి, గుంజకి నల్లగుడ్డ కట్టించి, తనే మోసుకెళ్ళి దిబ్బ మొదట్లో పాతాడు.

గుంజ దాటి మా మనిషి ఎవడూ పోడు. పడవ నడిపేవాళ్ళు మావాళ్ళే, ఈత నేర్పేవాళ్ళు మావాళ్ళే, కాపలావాళ్ళు మావాళ్ళే. తానియేలా ఆకుపచ్చ చొక్కా విప్పి హోటల్ మెట్ల మీద పడేసి, బూబూ గోతి తవ్వడానికి వెళ్ళాడు. వాడితో ఎవరూ మాట్లాడలేదు. పార మాత్రం ఇచ్చారు. ఆకుపచ్చ చొక్కాలన్నీ ఆ సాయంత్రానికి మెట్ల మీదే ఉన్నాయి.

ఇవాళ పదకొండో రోజు. హోటల్ సగం ఖాళీ. మా వంటిళ్ళు పూర్తిగా ఖాళీ. పొద్దున చేమాకు, సాయంత్రం చేమాకు. పక్కింటి వాసితికి చంటిదానికిచ్చేందుకు పాలు పడడం లేదు. రాత్రి నా చిన్నది "బూబూ ఎప్పుడు అయిపోతుంది?" అని అడిగింది. కొట్టాను. కొట్టి నేనే ఏడ్చాను. దిబ్బ అవతలి ఊరివాళ్ళు, వచ్చే నెల వాళ్ళ దిబ్బనీ 'కాపాడతారని' విన్నవాళ్ళు, రెండు పడవల కర్రపెండలం పంపి, వాళ్ళ తీరాన కూడా నల్లగుడ్డ కట్టారు.

గుంజ పీకెయ్యమని కోర్టు ఆర్డరొచ్చింది. రేపు ఆటుకి పోలీసులు వస్తారు. ఇనోకే వస్తాడో రాడో తెలీదు. పన్నెండేళ్ళు దాటినవాళ్ళందరం ఒడ్డున ఉంటాం. ఒకటి పీకితే పది పాతాలి. లోపల పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. బయట మేం గుంజలు నరుకుతున్నాం.