నాకూ అదే

సాయంత్రం ఆరయ్యేసరికి కాటాలు బాగుచేసే షాపు షట్టరు దిగేది. బావా బావమరదీ చేతులకున్న గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బారుకి వెళ్లేవారు. బావ "బీరు" అనేవాడు. బావమరిది "నాకూ అదే" అనేవాడు. పదకొండేళ్లుగా ఇదే వరస.

బావమరిది నోట్లో నాలుక లేని మనిషి. ఆ లేని నాలుకకే బీరు చేదు బొత్తిగా పడేది కాదు.

ఆ బారులో ఇష్టం లేకుండా తాగితే గ్లాసులో తగ్గదు. ఎన్ని గుటకలు వేసినా నురగతో సహా నిండుగానే ఉంటుంది. అందరికీ తెలిసిన సంగతే కనక ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవారు కాదు. బారు నడిపే ఆవిడ అలాంటి గ్లాసు కనిపిస్తే పారబోసి, "మరేం ఇమ్మంటారు?" అని అడిగేది, అంతే.

బావమరిది అంతవరకూ రానిచ్చేవాడు కాదు. బావకి చేతుల గ్రీజు వాసన పోలేదని ఒకటే అనుమానం. మొదటి గ్లాసు అవగానే మళ్లీ కడుక్కోవడానికి లేచేవాడు. ఆయన అటు వెళ్లగానే ఖాళీ గ్లాసు బావమరిది ముందుకీ, నిండుది బావ ముందుకీ వచ్చేవి. బావ తిరిగొచ్చి మురిసిపోయేవాడు.

"అప్పుడే నింపించావా? నువ్వు బంగారంరా!"

ఈమధ్య బావకి రేవు పట్నంలో పెద్ద షాపు కుదిరింది. అన్నీ ఎలక్ట్రానిక్ కాటాలే. "నాకైతే వెళ్దామనే ఉంది. నీకు?" అంటే బావమరిది అలవాటు కొద్దీ "నాకూ అదే బావా" అనేశాడు. అన్నప్పట్నించీ మనసు మనసులో లేదు. అతనికి పాతరకం కాటాలంటే ప్రాణం. రెండు పళ్లేలూ సమానంగా వచ్చి ముల్లు నిలబడే క్షణం కోసమే పొద్దున్నే షాపు తెరిచేవాడు. అక్కడ ముల్లే ఉండదు. శనివారం సామానుకి లారీ వస్తుంది.

శుక్రవారం సాయంత్రం బావ గ్లాసు నిండగానే బీరు పీపా అయిపోయింది. ఆవిడ ఆపిల్ రసం పులియబెట్టి చేసిన సైడర్ ఒక గ్లాసు తెచ్చి బావమరిది ముందు పెట్టింది.

"ఈ పూటకి సర్దుకోండి బాబూ."

మర్యాదకి ఒక గుటక వేశాడు. పుల్లగా, లోపలెక్కడో తియ్యగా ఉంది. రెండోది వేశాడు. మూడో గుటకకి గ్లాసు అడుగు కనిపించింది.

బావ తాగడం ఆపేశాడు. "నా ఎదురుగా నువ్వు గ్లాసు ఖాళీ చెయ్యడం ఎప్పుడూ చూళ్లేదే!"

బావమరిది తల దించుకున్నాడు.

"అయితే నేను రోజూ తాగే రెండో గ్లాసు..."

"నాదే బావా."

బావకి ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, చివరికి బాధ మిగిలింది. సొంత తమ్ముడిలా చూసుకున్నవాడు.

"ఇంకా ఏమేం తగ్గలేదురా నీకు, నా దగ్గర?"

"ఆ ఊరు బావా. నేను రాలేను. నాకు మన షాపే కావాలి."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. బావ తన గ్లాసులో మిగిలిన బీరు తాగేశాడు.

"మీ అక్కకి నేను చెబుతాలే," అన్నాడు గ్లాసు దించి. "రేపు లారీలో నా పనిబల్ల ఒక్కటే ఎక్కిద్దాం. పాత కాటాలన్నీ నీకే."

బారు ఆవిడ వచ్చి ఇంకేమైనా కావాలా అని అడిగింది.

"ఇంకో సైడర్," అన్నాడు బావమరిది. పదకొండేళ్లలో ముందుగా చెప్పడం అతనికిదే మొదలు.

"నాకూ అదే," అన్నాడు బావ.

బావ ఒక గుటక వేశాడు. మొహం చిట్లించకుండా జాగ్రత్తపడుతూ ఇంకోటి వేశాడు. గ్లాసు నిండుగానే ఉంది. బావమరిది చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు. బావ లేచి, శుభ్రంగానే ఉన్న చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆయన ముందు ఖాళీ గ్లాసు ఉంది.