నీళ్లు వెచ్చగానే ఉండాయి

మదనపల్లె ఈతకొలనుకు కొత్త హీటర్లు పెట్టించాలన్న ఆలోచన మధుసూదన్‌దే. బట్టల వ్యాపారి జయచంద్ర తన తండ్రి పేరు మీద ఊరి జనం కోసం కట్టించిన కొలను అది. ఒక కమిటీ నడుపుతుంది. ఆదివారం పొద్దున మాత్రం పోలియో వచ్చిన పిల్లలకు వదిలేస్తారు. ఈ ఊరి చలికి చన్నీళ్లలో ఆ పిల్లల కాళ్లు బిగుసుకుపోతాయని మొదటినుంచీ నీళ్లు వేడిచేసే ఏర్పాటు ఉండేది. కానీ ఆ పాత హీటర్లు కరెంటును గటగటా తాగేసేవి. బిల్లులకు భయపడి కమిటీవాళ్లు చలికాలం వస్తే కొలనుకు తాళం వేసేవారు. పిల్లలకు వెచ్చని నీళ్లు కావలసిందీ ఆ నెలల్లోనే.

మధుసూదన్‌ది కుప్పం. తిరుపతిలో ఇంజనీరింగు చదివి, మదనపల్లెలో కరెంటు పనుల కాంట్రాక్టులు చేస్తూ స్థిరపడ్డాడు. 2006లో ఆయనే కమిటీ ముందుకు వెళ్లి హీట్ పంపు సంగతి చెప్పాడు.

"బయటి గాలిలో ఉండే వేడినే లాగి నీళ్లకిస్తాదన్నా. పాతవాటికి అయ్యే కరెంటులో నాలుగో వంతు చాలు. చలికాలం మూసే పనే ఉండదు."

"నువ్వు చెప్తే సరేనప్పా," అన్నాడు జయచంద్ర. "నువ్వు చూసుకో."

ఆ మాట మధుసూదన్‌కు ఎంతో గర్వంగా అనిపించింది. పని జరిగినన్ని రోజులూ కొలను దగ్గరే ఉన్నాడు. ఆదివారాల్లో పుంగనూరునుంచి తల్లితో బస్సులో వచ్చే యమున అనే ఏడో తరగతి పిల్ల, పని కోసం మూసిన కొలను గట్టున కూర్చుని ఆయన్ను ప్రశ్నలతో చంపేది. ఎడమ కాలు సన్నగా, బలం లేకుండా ఉండేది ఆ పిల్లకు. నేల మీద కుంటుతుంది గానీ నీళ్లలో చేపలాగా పోతుంది.

"చలికాలం కూడా ఈదొచ్చా సార్, నిజంగా?"

"నిజంగానే పాపా. మీ అమ్మ తలకు పోసే నీళ్ల మాదిరి ఉంటాయి సూడు."

కొత్త యంత్రం రావడం ఆలస్యమైంది. దాన్ని పెట్టడానికి చోటు కావాలని మధుసూదన్ పాత హీటర్లను ముందే పీకించేశాడు. యంత్రం దిగేసరికి డిసెంబరు వచ్చేసింది, కొలనులో నీళ్లు చల్లబడిపోయాయి. ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం గానీ యంత్రం తిరగలేదు. బాగానే తిరిగింది. కానీ అది నిదానంగా వేడిచేసే యంత్రం. అంత కొలను వెచ్చబడాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. ఆ సంగతి ఊరిలో అందరికంటే బాగా తెలిసినవాడు మధుసూదనే.

"రేపటికి రెడీనా?" అని ఫోన్ చేశాడు జయచంద్ర. "తిరుపతినుంచి పెద్ద డాక్టరుగారు వస్తాండారు. పేపరోళ్లకు కూడా చెప్పినా."

ఫంక్షన్ జరుపుకుందాం, పిల్లల్ని మాత్రం వచ్చే ఆదివారం దింపుదాం అంటే సరిపోయేది. జయచంద్ర ఒక మాట అని ఊరుకునేవాడు. కానీ అన్ని మీటింగుల్లో అంత గొప్పగా చెప్పిన నోటితో "ఇంకా కాలేదు" అనడానికి మధుసూదన్‌కు మనసు రాలేదు.

"రెడీ అన్నా," అన్నాడు.

మర్నాడు పొద్దున కొలను చుట్టూ షామియానా, కుర్చీలు, మైకు. పెద్ద డాక్టరుగారు రిబ్బను కత్తిరించి, లాంఛనంగా స్విచ్ నొక్కారు. పిల్లలు తువ్వాళ్లు కప్పుకుని వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు యమున ఉంది.

"నీళ్లెలా ఉన్నాయి ఇంజనీరుగారూ?" అని మైకులోనే అడిగారు డాక్టరుగారు.

మధుసూదన్ గట్టున మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి ముంచాడు. చలి మణికట్టు ఎముకలోకి దిగింది. తల ఎత్తితే అన్ని ముఖాలూ తనవైపే ఉన్నాయి.

"వెచ్చగానే ఉండాయి సార్."

చప్పట్లు కొట్టారు. ఈత నేర్పే శంకరప్ప ఏదో అనబోయి, జయచంద్ర నవ్వుతున్న ముఖం చూసి ఊరుకున్నాడు.

యమున మెట్లు పట్టుకుని దిగింది. నడుము దాకా దిగి ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరిగి మధుసూదన్‌ను చూసింది. ఆయన నవ్వి, పోమన్నట్టు తల ఊపాడు. ఆ పిల్ల చేతులు చాచి ముందుకు దూకింది.

సగం దూరం బాగానే పోయింది. ఫొటోలు తీశారు. తర్వాత బాగున్న కాలు కూడా కొయ్యలా బిగుసుకుపోయింది. తల మునిగింది, లేచింది, మళ్లీ మునిగింది. శంకరప్ప వేసుకున్న బట్టలతోనే దూకి ఆ పిల్లను గట్టుకు చేర్చాడు. పెదవులు నీలంగా మారాయి. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. తల్లి మునిరత్నమ్మ పరుగున వచ్చి తన చీర కొంగుతో ఒళ్లంతా తుడిచింది.

"ఇంతమందిని చూసి బెదిరింది పాపం," అన్నారెవరో.

మధుసూదన్ ఔనన్నట్టు తల ఊపాడు. మిగతా పిల్లల్ని ఎవరూ దిగమనలేదు. టిఫిన్లు పెట్టారు.

వెళ్లేముందు మునిరత్నమ్మ కూతురిని ఎత్తుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

"ఇంత కష్టపడి చేసినారు, మా పాప ఫంక్షన్ పాడు చేసింది. మనసులో పెట్టుకోవద్దండి సార్."

యమున తల్లి భుజం మీద ముఖం దాచుకుంది. మధుసూదన్ "పర్వాలేదమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ "పర్వాలేదు" అన్నందుకు తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో.

యంత్రాన్ని శంకరప్పకు అప్పజెప్పి ఆయన కుప్పంలో అక్క మాలతి ఇంటికి పోయాడు. పని ఉందన్నాడు గానీ ఏ పనీ లేదు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. నీళ్లలో యమున, గట్టున నవ్వుతూ ఆయన. "తక్కువ కరెంటుతో వెచ్చని ఈతకొలను" అని పైన పెద్ద అక్షరాలు. మాలతి ఆ పేపరు పట్టుకుని వీధంతా తిరిగింది.

"సూడండమ్మా, మా తమ్ముడు. కాళ్లు లేని బిడ్డలకు వేన్నీళ్లు పెట్టించినాడు."

పక్కింటి గంగులమ్మ పేపర్లోని ఆయన ఫొటోకు చేతులెత్తి దండం పెట్టింది. మధుసూదన్ లేచి పెరట్లోకి పోయాడు. అన్నం పెడితే సగంలో చెయ్యి కడుక్కున్నాడు.

"ఏమైంది రా?" అంది మాలతి.

"ఏం లేదక్కా. కడుపులో బాగాలేదు."

తర్వాతి ఆదివారం రాత్రి శంకరప్పకు ఫోన్ చేస్తే నీళ్లు ఇప్పుడు వేడెక్కాయని చెప్పాడు. తర్వాత, "ఆ పాప ఈ ఆదివారం రాలేదప్పా," అన్నాడు.

మదనపల్లెకు తిరుగు బస్సు పుంగనూరులో ఆగింది. మధుసూదన్ దిగాడు. పాలమ్మే మునిరత్నమ్మ ఇల్లు అడిగితే ఎవరో చూపించారు. ఆమె వాకిట్లో బర్రెకు కుడితి పెడుతోంది. ఆయన్ను చూసి కంగారుగా చేతులు కడుక్కుని, లోపలినుంచి కుర్చీ తెచ్చి తన కొంగుతో దుమ్ము తుడిచింది.

"మీరు ఇంత దూరం వచ్చినారా సార్! ఫంక్షన్ సంగతేనా? పాపకు ఆ పొద్దే చెప్పినా, అంతమంది పెద్దోళ్ల ముందర అట్ల చెయ్యకూడదని."

ఆయన ఆ కుర్చీలో కూర్చోలేకపోయాడు.

"తప్పు పాపది కాదమ్మా. నీళ్లు చల్లగా ఉండాయి. నేను చెయ్యి పెట్టి చూసినా. తెలిసే వెచ్చగా ఉండాయని చెప్పినా."

మునిరత్నమ్మకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కొంగు విదిలించి భుజాన వేసుకుంది. గడప దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చున్న యమున అంతా వింటోంది.

"నాకు కాలు పెట్టంగానే తెలిసింది సార్," అంది ఆ పిల్ల మెల్లిగా. "మీరు అబద్ధం చెప్పరు కదా. నా కాలికే అట్ల తెలస్తాందేమోనని దిగినా."

మధుసూదన్ తల దించుకున్నాడు. ఆ పిల్ల తిట్టినా బాగుండేది. తల్లి కొట్టినా బాగుండేది.

"బిడ్డను నేను తిట్టినా సార్," అంది మునిరత్నమ్మ చివరికి. "బస్సులో వస్తా దారంతా తిట్టినా. అది ఏడ్చింది. మీకు దండం పెట్టి క్షమించమన్నా." ఆమె గొంతు పెరగలేదు. "యాల సెప్పినారు సార్ అట్ల?"

"సిగ్గుపడి, అమ్మా. అంతమందిలో కాలేదని చెప్పేదానికి."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "బస్సు ఉండాది, పోండి," అని బర్రె దగ్గరికి పోయింది. ఎప్పుడూ ఎవరొచ్చినా పాలు కాచి ఇచ్చే ఇల్లు అది. ఆ రోజు మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. యమున పుస్తకంలో ముఖం పెట్టుకుంది.

మదనపల్లెలో దిగి ఆయన నేరుగా జయచంద్ర అంగడికి పోయి అంతా చెప్పాడు. జయచంద్ర బట్టలు మడతపెడుతూనే విన్నాడు.

"పాప బాగుండాది కదా? మిషన్ పనిచేస్తాండాది కదా? ఇంక వదిలెయ్యప్పా. ఈ మాట బయట యాడా అనొద్దు."

మధుసూదన్ మాత్రం తర్వాతి మీటింగులో లేచి చెప్పాడు. కొందరు ఇబ్బందిగా దగ్గారు. ఒకరు టీ చల్లారిపోతోందని గుర్తుచేశారు. యంత్రాన్ని మెచ్చుకుంటూ తీర్మానం చేశారు. అందులో తన పేరు పెట్టొద్దని ఆయన బతిమాలుకున్నాడు. వినయం అనుకున్నారు.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం యమున వచ్చింది. కొలను మీద పల్చగా ఆవిరి లేస్తోంది. పిల్లలు కేకలు పెడుతూ ఈదుతున్నారు. మధుసూదన్ మెట్ల పక్కనే నిలబడి ఉన్నాడు. మునిరత్నమ్మ ఆయనకు నమస్కారం పెట్టింది, మాట్లాడలేదు. యమున మెట్ల దాకా వచ్చి ఆగింది. ఆయనను దాటి, కొలను అవతలి గట్టు వైపు చూసి గట్టిగా అడిగింది.

"శంకరప్ప తాతా! నీళ్లెట్లుండాయి?"

"బాగుండాయి, దిగమ్మా!"

యమున దిగింది. ఆ చివరిదాకా పోయి, గట్టు తాకి, ఆగకుండా తిరిగి వచ్చింది. తల్లి ముఖం విప్పారింది. మధుసూదన్ అక్కడినుంచి కదిలి యంత్రం గదిలోకి పోయాడు. అక్కడ చూడవలసిందేమీ లేదు. పిల్లలంతా తుడుచుకుని వెళ్లిపోయేదాకా యంత్రం చప్పుడు వింటూ లోపలే నిలబడ్డాడు.