చేతులు బయటే

రెండో గొట్టానికి క్లిప్పు బిగించి, వీపు మీద పాకుతూ కారు కిందనుంచి బయటపడేసరికి అతని చొక్కా వెనకంతా నేల తుడిచిన గుడ్డలా అయింది. వెంటనే లేవలేదు. అలాగే పడుకుని, కారు పొట్ట కింద ఈ చివరనుంచి ఆ చివరకు పక్కపక్కనే సాగిన రెండు గొట్టాలనూ చూశాడు. ఒకటి వేడినీళ్ళను ముందుకు తీసుకెళ్తుంది. ఇంకొకటి చల్లారిన నీళ్ళను వెనక్కి తెస్తుంది. ఈ కారు పుట్టినప్పుడు దాని ఒంట్లో చుక్క నీరు లేదు. వెనక మూత కింద ఉండే ఇంజన్ని ఒక పంకా గాలి కొట్టి చల్లబరిచేది. ఇప్పుడా ఇంజన్ షెడ్డు మూలన పాత టైరు మీద కూర్చుని ఉంది. దాని చోటులోకి, ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన కొత్త కారులోంచి తీసిన నీళ్ళ ఇంజన్ వచ్చింది. ముందు డిక్కీలో అదనపు చక్రం ఉండాల్సిన చోట రేడియేటర్ నిలబడింది.

ఎడమ భుజం లాగుతోంది. పొద్దుటినుంచీ అంతే. కింద పడుకుని పనిచేస్తే భుజం లాగక ఏం చేస్తుంది అనుకున్నాడు.

ఎడమచేతికి చూపుడువేలూ మధ్యవేలూ లేవు. మొదళ్ళలో చర్మం మెరుస్తూ, ముడిపడి ఉంటుంది. నట్టును బొటనవేలికీ ఉంగరంవేలికీ మధ్య పట్టుకుని తిప్పడం అతనికి ఎప్పుడో అలవాటైపోయింది. షెడ్డుకి వచ్చేవాళ్ళంతా అతన్ని ఎనిమిది అంటారు. ఆ పేరు పెట్టింది బావ.

షెడ్డు బావది. పైన ఇంట్లో అక్కా బావా ఉంటారు. కింద, సామాన్ల గదిని ఆనుకుని అతని మంచం. వెనక ఇంజన్ ఉండే కార్లతో ఒక చిక్కుంది. ముందు సీట్లో కూర్చుని తాళం తిప్పేవాడికి వెనక మూత కింద చేతులు పెట్టినవాడు కనపడడు. అందుకని షెడ్డులో మొదటినుంచీ ఒక పద్ధతి. వెనకున్నవాడు "చేతులు బయటే" అని కేక వెయ్యాలి. అది వినపడ్డాకే ముందున్నవాడు తాళం తిప్పాలి. ఒక మధ్యాహ్నం బావ కిటికీలోంచి ఎవరితోనో కబుర్లాడుతూ, కేక కోసం ఆగకుండా తిప్పేశాడు. మూలనున్న ఆ ఇంజనే. ఆ పంకాయే.

వేళ్ళు పోయినందుకు అతనికి కోపం లేదు. ఈ సంగతి తనతో తాను చాలాసార్లు వాదించి తేల్చుకున్నాడు. కట్టుతో షెడ్డుకి తిరిగొచ్చిన రోజున బావ అతని భుజం మీద చెయ్యేసి, అక్కడున్నవాళ్ళతో, "మావాడు ఈ ఇంజన్‌కి రెండు వేళ్ళు తినిపించి మరీ పెంచాడు" అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. అతను మరిచిపోలేనిది అదే. తన నోట్లోంచి వచ్చిన ఆ నవ్వు బావకి ఎప్పటికీ చెల్లే అనుమతి అయిపోయింది. ఆ తరవాత కొత్తగా షెడ్డులో అడుగుపెట్టిన ప్రతివాడికీ ఆ కథ వినిపించాల్సిందే. ఈమధ్య ఆ కథలో బావ తాళం తిప్పడం కూడా లేదు. ఇంజన్ దానంతటదే ఆకలేసి కరిచినట్టు చెబుతున్నాడు.

అక్క టీ గ్లాసుతో మెట్లు దిగింది.

"ఏంట్రా, మొహం అలా పాలిపోయింది?"

"ఇప్పటిదాకా కింద ఉన్నాను కదక్కా."

"రేపు నువ్వూ కొండ మీదికి రా. పాత కార్లవాళ్ళంతా వస్తారట. పక్కన నువ్వుంటే మీ బావ గొప్పలు కాస్త అదుపులో ఉంటాయి."

"నేనుంటే ఇంకో కథ ఎక్కువ చెప్తాడు."

"ఆ వేళ్ళ కథా? ఇంకా వదల్లేదా?"

"పొద్దున పెయింటరుకి చెప్పాడు."

అక్క నవ్వాపుకుని, తమ్ముడి మొహం చూసి, నవ్వొచ్చినందుకు నొచ్చుకున్నట్టు ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపింది. "ఆయనంతే. నవ్వేసి ఊరుకోరాదూ?"

"ఊరుకుంటూనే ఉన్నానుగా."

ఆమె వెళ్ళాక కూలెంటు పొయ్యడం మొదలుపెట్టాడు. పచ్చటి నీళ్ళు గొంతు చప్పుడు చేస్తూ దిగాయి. ఆగి, మెత్తటి గొట్టాన్ని పిసికి, బుడగలు తేలాక మళ్ళీ పోశాడు. ఇంత పొడుగు గొట్టాలున్న బండిలో గాలి ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది. చివరికది ఇంజన్ తలమీద, అన్నిటికంటే ఎత్తయిన చోట చేరుతుంది. దాన్ని వదలడానికి అక్కడొక చిన్న మర ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఆ మరను కొంచెం విప్పితే గాలి తుప్పుతుప్పున ఉమ్మి పోతుంది. నీళ్ళు ధారగా వచ్చాక బిగించేయాలి. తయారుచేసినవాళ్ళు ఆ మరా దాని గూడూ కలిసేలా పసుపురంగు చుక్క పెట్టారు. ఒక్కసారి విప్పినా చుక్క పగులుతుంది.

వేడి కొలిచే పరికరం ఆ మర పక్కనే ఉంటుంది. చుట్టూ నీళ్ళు లేకుండా గాలే ఉంటే, కింద లోహం కాలిపోతున్నా దానికి తెలియదు. డాష్‌బోర్డు మీద ముల్లు నిద్రపోతూనే ఉంటుంది.

ఈ ఇంజన్ని దించిన రోజునే అతను ఆ చుక్కను చూశాడు. అప్పటినుంచీ పనంతా ఎన్నడూ లేనంత శ్రద్ధగా చేశాడు. గేర్‌బాక్సుకీ ఇంజన్‌కీ మధ్య పలకను వెంట్రుక తేడా రాకుండా అరగదీశాడు. వైర్లకు గుడ్డ చుట్టాడు. ఎవరూ వేలెత్తి చూపడానికి ఇంకేమీ మిగలకూడదు. రేపు కొండ ఎక్కుతూ, ఎగువన అందరూ చూస్తుండగా ఇంజన్ బిగుసుకుపోవాలి. ఆవిరి లేవాలి. ఎవడో ఒకడు నవ్వాలి, వాడిని చూసి ఇంకొకడు. ఆ నవ్వుల మధ్య బావ నిలబడాలి. నవ్వడానికి బావకి ఏమీ దొరకకూడదు. రాత్రిళ్ళు మంచం మీద అతను ఈ దృశ్యాన్ని ఎంత అరగదీశాడంటే, ఇప్పుడది ఆ పలకలా చేతికి నున్నగా తగులుతోంది.

పానా అందుకుని మర మీద పెట్టాడు. చెయ్యి అలవాటుగా తిప్పబోయింది. తిప్పకుండానే పానా తీసేశాడు. రేడియేటర్ మూత బిగించాడు.

సాయంత్రం బావ పెయింటరుని వెంటబెట్టుకుని వచ్చాడు. బావ భారీ మనిషి. మాటకంటే ముందు నవ్వొస్తుంది.

"ఏరా ఎనిమిదీ, నీళ్ళు తాగిందా నీ బిడ్డ?"

"తాగింది."

బావ సీట్లోకి దూరాడు. అతను వెనక నిలబడి రెండు చేతులూ పైకెత్తి, "చేతులు బయటే" అన్నాడు. ఇంజన్ మెత్తగా అందుకుంది. పాత దాని దడదడ లేదు. కాసేపటికి బావ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ముల్లు లేవట్లేదురా! ఐసుముక్క మీద కూర్చోబెట్టినట్టుంది. పెయింటరూ, విన్నావుగా, పాతదానికి రెండు వేళ్ళు తినిపించాడు. దీనికేం పెట్టాడో అడుగు."

"ఏం పెట్టావన్నా?"

"ఏం పెట్టలేదు," అన్నాడతను.

ఇద్దరూ నవ్వారు. అతనికి చెమటపట్టింది. పెయింటరు వెళ్ళిపోయాక పానాలు తుడిచి పెట్టెలో సర్దుతుంటే భుజంలోని లాగుడు దవడలోకి పాకింది. గుండెల మీద ఎవరో జాకీ పెట్టి ఎత్తుతున్నట్టనిపించింది. మోకాళ్ళ మీద కూర్చుని, పాత ఇంజన్ మీదికి ఒరిగాడు. పానా నేల మీద మోగింది.

ఆ చప్పుడుకి బావ వచ్చాడు. ఆ తరవాత బావ చేతులు అతని చంకల కింద ఉన్నాయి. అక్క మెట్ల మీదనుంచి అరుస్తోంది. షెడ్డులో మిగతా బళ్ళన్నీ చక్రాలూడి, పొట్టలు విప్పి ఉన్నాయి. కదిలేది ఒక్కటే.

"వద్దు బావా, ఇది..." అన్నాడతను.

"నోర్ముయ్. మాట్లాడకు," అని బావ అతన్ని వెనక సీట్లోకి తోశాడు. అక్క అతని తల ఒళ్ళో పెట్టుకుంది. ఆసుపత్రి కొండవాలు మీద ఉంది.

బావ తాళం పెట్టి, తిప్పకుండా ఆగాడు. వెనక్కి తిరిగాడు. "చేతులు బయటేనారా?" అన్నాడు.

వెనక మూత దగ్గర ఎవరూ లేరు. బావకీ తెలుసు. అతను బావ కళ్ళలోకి చూశాడు. మర సంగతి చెప్పడానికి ఇంకా ఊపిరి ఉంది. నేల మీద పానా ఉంది, ఒక్క తిప్పు చాలు. ఇన్నేళ్ళూ తనకు రావలసి ఉండి రాని ప్రశ్న ఇప్పుడు వచ్చింది. దాన్ని లోపలికి తీసుకోవడానికి ఒక్క క్షణం కావాలనిపించింది. ఆ క్షణంలో మిగిలిన మాట వెనకబడిపోయింది.

"బయటే," అన్నాడు.

బావ తాళం తిప్పాడు.

సీటు వెనకే ఇంజన్. అతని చెవికీ దానికీ మధ్య ఒక పలుచని రేకు. వాలు మొదలవగానే లోపల బుడగ గుడగుడలాడటం వినిపించింది. తరవాత అదీ ఆగింది. లోహం ఎండిపోతున్న సన్నటి టికటిక.

"ఏమండీ, మెల్లిగా," అంటోంది అక్క.

"బండి బాగానే ఉందే, ముల్లు కిందే ఉంది. ఒరేయ్, నిద్రపోకు. రెండు వేళ్ళు తినిపించి పెంచినవాడివి, ఇంత చిన్నదానికి... నవ్వరా, ఒక్కసారి నవ్వు."

ఎవరూ నవ్వలేదు.

రెండో మలుపు దాటాక ఇంజన్ ఒక్క మూలుగుతో బిగుసుకుంది. బావ దిగి పరిగెత్తి వెనక మూత ఎత్తాడు. వెనక అద్దంలో తెల్లటి ఆవిరి, అది విడిపోయినప్పుడు బావ మొహం. నోరు తెరిచి ఉంది. అందులో నవ్వు లేదు. దానికోసమే అతను ఇన్నాళ్ళు ఎదురుచూశాడు. తీరా చూస్తే అది కొత్త మొహం కాదు. ఆ మధ్యాహ్నం పంకా ఆగాక, నెత్తుటి చేతిని గుడ్డలో చుడుతూ తన మీదికి వంగిన మొహం ఇదే. జోకు తరవాత పుట్టింది. ఆ మొహాన్ని ఇద్దరూ కలిసి ఎక్కడో పారేసుకున్నారు.

"బావా," అందామనుకున్నాడు.

అక్కకు ఒళ్ళో తల బరువెక్కినట్టు తెలిసింది. అతని ఎడమచెయ్యి సీటు అంచునుంచి జారి, కారు నేలను తాకి ఊరుకుంది.

దిగువనుంచి వచ్చిన లారీవాడు ఆపాడు. ముగ్గురూ కలిసి అతన్ని ఎక్కించారు. తొందరపడాల్సిన పని లేదని ఎవరూ పైకి అనలేదు. బావ లారీ మెట్టు మీద కాలు పెట్టి, చివరిసారి కారువైపు చూసి, "గేజీలో చల్లగానే ఉందే," అన్నాడు అక్కతో.

వెనక మూత దించడం ఎవరికీ గుర్తురాలేదు. చీకటి పడుతుండగా ఆవిరి సన్నగిల్లింది. రంగు కాలి, గొట్టాలు నల్లబడ్డ ఆ ఇంజన్ తలమీద, చిన్న మరనూ దాని గూటినీ కలుపుతూ పసుపు చుక్క ఎక్కడా పగలకుండా ఉంది.