రేకు మీద ఊపిరి

సన్నాయి మేళంలో శాలువాలూ చప్పట్లూ ముందు కూర్చున్నవాడికే. వెనక కూర్చుని శ్రుతి పట్టేవాడి మొహం ఎవరికీ గుర్తుండదు. వాడు ఒక్క క్షణం ఆపాడంటే మాత్రం పందిరి పందిరంతా తిరిగి చూస్తుంది. మైపాడు దరియావలికి ఆ ఏడాది ప్రతి పెళ్లిలోనూ ఇదే అవమానం.

శ్రుతి పట్టడమంటే ఒకే స్వరాన్ని తెగకుండా ఊదుతూ ఉండడం. బుగ్గల్లో నిలుపుకున్న గాలిని నోటితో వదులుతూనే, ముక్కుతో కొత్త గాలి లాక్కోవాలి. పందిట్లో కూర్చున్న కాసేపటికే దరియావలికి తుమ్ములు మొదలయ్యేవి, ముక్కు బిగుసుకుపోయేది. గాలి కోసం నోరు తెరవక తప్పేది కాదు. శ్రుతి తెగేది.

"ఇంట్లో బాగానే ఊదుతావే! పందిట్లో కూర్చోంగానే పట్టేస్తందా ముక్కు?" అంటూ ముందు కూర్చుని వాయించే అన్న మహబూబ్ బాషా విరుచుకుపడ్డాడు. "నాకు పేరు రావడం నీకు కంటగింపుగా ఉండాది. ఆదివారం కొడవలూరు పెళ్లిలో గూడా తెగిందంటే, నీ జాగాలో పక్కింటి రహ్మాన్‌ని కూర్చోబెడతా. నువ్వు పోయి వలలు అల్లుకో."

దరియావలికి ఏడుపొచ్చింది. ఊహ తెలిసినప్పటినుంచీ అన్న వెనక కూర్చోవడం తప్ప అతనికి వేరే బతుకు తెలీదు. పైగా అన్న వాయిస్తుంటే ఎక్కడ గమకం తిప్పుతాడో వీపు చూసి చెప్పగలడు. అలాంటి అన్నే తనను దొంగని చేశాడు.

"నెల్లూరు ఆసుపత్రికి పోదాం పా అన్నా. డాక్టరమ్మే చెప్తది," అన్నాడు.

మహబూబ్ బాషా తయారయ్యాడు. సరిగా చెప్పాలంటే ముస్తాబయ్యాడు. గడప దాటితే చాలు, చెవిలో అత్తరు దూది ఉండాలి అతనికి. కిందటేడు చిట్టమూరు మోతుబరి ఒకాయన పాట మెచ్చి ఇచ్చిన సీసా అది. బస్సులో అన్నదమ్ములు మొహమొహాలు చూసుకోలేదు. అన్న ముందు సీట్లో కూర్చుంటే, తమ్ముడు వెనక తలుపు దగ్గర గాలికి నిలబడ్డాడు.

ఆసుపత్రిలో అన్న బీడీ కాల్చుకుంటూ బయటే ఉండిపోయాడు. డాక్టరు కరుణాకుమారి గారు దరియావలి మాట అంతా విన్నారు. గీతలు చెక్కిన ఒక తళతళలాడే రేకును కుండనీళ్లలో ముంచి, తుడిచి, అతని ముక్కు కింద అడ్డంగా పట్టుకున్నారు.

"నోరు మూసుకుని ఊపిరి వదులు."

చల్లటి రేకు మీద ఆవిరి రెండు మచ్చలు కట్టింది. ఎంత గాలి వస్తే అంత పెద్ద మచ్చ. రెండూ చివరి గీతదాకా పాకాయి.

"నీ ముక్కు బాగానే ఉందే!" అన్నారావిడ.

దరియావలి చేత్తో ముక్కు తడుముకున్నాడు. ముక్కే తనమీద అబద్ధపు సాక్ష్యం చెప్పింది. ఆ మాట కోసమే కాచుకున్నట్టు అన్న లోపలికొచ్చాడు. తమ్ముడి భుజం మీదుగా వంగి రేకును చూశాడు.

"చూసినారా అమ్మా? అంతా నాటకం!"

"నాటకం గాదన్నా..." అంటూనే దరియావలి తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. మాట ముక్కులో ఇరుక్కుపోయింది. డాక్టరమ్మ కళ్లు చిట్లించి, రేకును మళ్లీ తడిపి పట్టుకున్నారు. ఎడమ పక్క మచ్చే లేదు. కుడి పక్కన చింతగింజంత ఉంది.

"మీరు కాసేపు బయటికి పోయి నిలబడండి," అన్నారామె మహబూబ్ బాషాతో.

అతను గొణుక్కుంటూ వెళ్లి కిటికీకి దూరంగా నిలబడ్డాడు. ఆవిడ కిటికీలన్నీ తెరిపించారు. ఇంకొక రోగిని చూసి వచ్చి మళ్లీ రేకు పట్టుకున్నారు. మచ్చలు పెరిగాయి. ఇంకాసేపటికి మళ్లీ గీతలు ముట్టాయి.

"పందిట్లో నువ్వెక్కడ కూర్చుంటావు?"

"మా అన్న వెనకాలే అమ్మా. చెవి పక్కనే."

ఆవిడ మహబూబ్ బాషాను పిలిచి చేయెత్తి గుమ్మంలోనే ఆపేశారు. "మీ తమ్ముడికి మీ అత్తరు పడదు. మందిస్తాను. కానీ ముందు ఆ దూది తీసెయ్యాలి."

మహబూబ్ బాషా రేకు వంక చూశాడు. ఏడాదిగా తిట్టిన తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి కాబోలు, మొహం మాడిపోయింది. చెవిలో దూది తీసి వాకిట పారేశాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తమ్ముణ్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు.

ఆదివారం కొడవలూరు పందిట్లో పెళ్లికూతురి తండ్రి మర్యాదగా అత్తరు పళ్లెం పట్టుకుని మేళం దగ్గరికొచ్చాడు. మహబూబ్ బాషా లేచి తమ్ముడికి అడ్డంగా నిలబడ్డాడు.

"మాకొద్దు సామీ. మా తమ్ముడికి పడదు. వాడి ఊపిరి మీదనే నా పాట నిలబడేది."

తాళి కట్టారు, అక్షింతలు పడ్డాయి. దరియావలి శ్రుతి ఎక్కడా తెగలేదు. పాటకూ పాటకూ మధ్య అన్న వెనక్కి తిరిగి, "ఎట్టుండాదిరా ముక్కు?" అని అడిగాడు.

దరియావలి ఊదుతూనే ఉన్నాడు, అందుకే తలూపి ఊరుకున్నాడు.